"ఉత్త బీన్సే కదండీ" అనే ముందు…

మొదటే ఒక సంగతి తేల్చేసుకుందాం. బీన్స్ అంటే మనకి గుర్తొచ్చేది కొబ్బరికోరు వేసి చేసే పచ్చ బీన్స్ వేపుడు. నేను చెప్పబోయేది అది కాదు, ఎండు గింజలు. బఠాణీ సైజులో, తెల్లగా, కాస్త కోలగా ఉంటాయి. 19వ శతాబ్దం నించీ అమెరికా నౌకాదళంలో నావికుల తిండికి ఇవే ఆధారం కాబట్టి నేవీ బీన్స్ అని పేరు పడిపోయింది. తమాషా ఏంటంటే మన వేపుడు బీన్సూ, ఉత్తరాది రాజ్మా, ఈ నేవీ బీన్సూ మూడూ ఒకే జాతి మొక్కలు. కాయ లేతగా ఉన్నప్పుడు కోస్తే వేపుడు, ఎండనిస్తే గింజ. (రకాలు వేరు లెండి, జాతి ఒకటే. వృక్షశాస్త్రం చదివినవాళ్ళు నా మీదకి రావద్దు.)

ఈ గింజల్ని తియ్యగా, పుల్లగా, మాంసం వేసి గంటల తరబడి ఓవెన్లో మగ్గబెడితే అవే బేక్డ్ బీన్స్. మే నెలాఖర్లో వచ్చే మెమోరియల్ డే నించి సెప్టెంబరు మొదట్లో లేబర్ డే దాకా అమెరికాలో ఏ శనివారం ఏ పార్కుకి వెళ్ళినా ఓ కుకౌట్ కనిపిస్తుంది. బొగ్గుల గ్రిల్ మీద మాంసం, దాని చుట్టూ చేతిలో సీసా పట్టుకుని సలహాలు చెప్పే మగవాళ్ళు, పక్కన బల్ల మీద బంగాళాదుంపల సలాడు, మొక్కజొన్న కండెలు, ఓ పెద్ద గిన్నె నిండా బీన్స్. గ్రిల్ మీద ఏం మాడిపోయినా ఈ గిన్నె మాత్రం జనాన్ని ఆదుకుంటుంది.

మరి మన ఐటీ జనం ఈ కుకౌట్లకి పట్టుకెళ్ళేది ఏమిటయ్యా అంటే, ఇండియన్ స్టోర్లో ఆర్డరిచ్చిన సమోసాల ట్రే. ఇరవై ఏళ్ళ పైగా చూస్తున్నాను. క్లయింట్లు మారారు, మేనేజర్లు మారారు, కొంతమందికి గ్రీన్ కార్డులు కూడా వచ్చాయి, సమోసా మాత్రం మారలేదు. సమోసా మీద నాకు కోపమేమీ లేదు, నేనూ నాలుగు లాగిస్తాను. కానీ ఒక దేశంలో సగం జీవితం గడిపేసి ఆ దేశపు వంట ఒక్కటి కూడా చేతికి రాకపోతే ఎలాగండీ? అందులోనూ ఇది మనకి చాలా దగ్గరగా ఉండే వంట. పప్పు తెలుసు, పులుసు తెలుసు, బెల్లం తెలుసు, మాంసం తెలుసు. ఇంకేం కావాలి?

"ఇదేంటి, పప్పులో పాకం పోశారు?" అని మొదటి ముద్దకే మొహం చిట్లించేవాళ్ళు ఉంటారు. డబ్బాలో దొరికేవి తింటే నేనూ చిట్లిస్తాను. అవి నిజంగానే పాకంలో ఊరేసిన గింజల్లా ఉంటాయి. ఇంట్లో చేసింది వేరు. దాని దారి వేరు.

మేం ఉండేది బోస్టన్ దగ్గర ఓ చిన్న ఊళ్ళో. ఈ బోస్టన్‌కి 'బీన్‌టౌన్' అని ముద్దుపేరు. ఇక్కడ మొదట్లో స్థిరపడిన ప్యూరిటన్లకి ఆదివారం విశ్రాంతి దినం. ఆ రోజు పని చెయ్యకూడదు, వంట కూడా పనే. అందుకని శనివారమే గింజలు ఉప్పు పట్టించిన పంది మాంసంతో కలిపి మట్టి కుండలో పెట్టి, పొయ్యిలో సన్నటి సెగ మీద వదిలేసేవారు. శనివారం రాత్రి వేడివేడిగా, ఆదివారం మిగిలింది. ఈ శనివారం బీన్స్ అలవాటు న్యూ ఇంగ్లండ్‌లో చర్చిల విందుల్లో ఇంకా కనిపిస్తుంది. పైనున్న మెయిన్ రాష్ట్రంలో అయితే ఏకంగా నేలలో గొయ్యి తీసి, అందులో కట్టెలు కాల్చి, నిప్పుల మధ్య ఇనప కుండ పెట్టి మట్టి కప్పేసి రాత్రంతా వదిలేస్తారు. ఒకప్పుడు అడవుల్లో కలప కొట్టే కూలీలకి ఇలాగే వండేవారు. ఇప్పుడు ఊరి పండగలకి చేస్తారు. ఒక్కసారి తిన్నాను. మూత తీసినప్పుడు వచ్చే వాసన గురించి రాయడం మొదలుపెడితే ఇవాళ్టికి ఇంకేమీ రాయలేను. బోస్టన్ ఊళ్ళోనే ఈ బీన్స్‌కి పేరుపడ్డ డర్గిన్-పార్క్ అనే పాత భోజనశాల ఉండేది, 2019 జనవరిలో మూసేశారు.

సరే, అసలు కిటుకు. మన ఇళ్ళల్లో అమ్మ ఎవరైనా సరే, చింతపండు పులుసు పప్పు ఉడికాకే పోస్తుంది. ముందే పోస్తే ఏమవుతుంది? కందిపప్పు రాళ్ళలా ఉండిపోతుంది, కుక్కర్ ఎన్ని కూతలు కూసినా సరే. ఎందుకంటే పులుపు తగిలితే గింజ లోపలి కణాల గోడలు తొందరగా కరగవు. చక్కెర కూడా అదే పని చేస్తుంది. కాల్షియం ఇంకా గట్టిగా చేస్తుంది. ఇప్పుడు మొలాసిస్‌ని చూడండి: కొంచెం పులుపు, బోలెడు తీపి, దండిగా కాల్షియం! గింజ మెత్తబడకుండా ఆపే మూడూ ఒకే సీసాలో ఉన్నాయన్నమాట. పచ్చి గింజల మీద నేరుగా మొలాసిస్, కెచప్ పోసి ఓవెన్లో పెడితే రాత్రి పదింటికి కూడా గింజ పంటికింద కటుక్కుమంటుంది. అదే గింజని ముందు మంచినీళ్ళలో మెత్తగా ఉడికించి ఆ తర్వాత పోశారనుకోండి, ఇక ఆరు గంటలు మగ్గినా పేస్టు అవ్వదు, నిలబడుతుంది. పులుసు అదే, గింజ అదే, వరస ఒక్కటే మారింది. మన వృత్తిలో డిపెండెన్సీలు తప్పు వరసలో ఎక్కిస్తే బిల్డ్ ఎలా కూలిపోతుందో తెలిసినవాళ్ళకి ఇది వేరే వివరించక్కర్లేదు :)

మొలాసిస్ అంటే చెరుకురసం కాచి పంచదార పలుకులు తీసేశాక మిగిలే నల్లటి జిగట పాకం. మన బెల్లంలో ఇది బెల్లంతోనే కలిసి ఉంటుంది, చక్కెర ఫ్యాక్టరీలో మాత్రం వేరు చేసేస్తారు. ఇది ఈ చలిదేశపు వంటలోకి ఎలా వచ్చిందని ఆరా తీస్తే కథ అంత తియ్యగా ఉండదు. కరీబియన్ దీవుల్లో బానిసల చేత చెరుకు పండించి, ఆ మొలాసిస్‌ని ఓడల్లో బోస్టన్ వైపు తెచ్చి, ఇక్కడ రమ్ము కాచేవారు. ఆ రమ్ములో కొంత ఆఫ్రికాకి వెళ్ళి మళ్ళీ మనుషుల్ని కొనడానికే పనికొచ్చేది. చవగ్గా ఊరంతా మొలాసిస్ ఉంది కాబట్టి అది బీన్స్ కుండలోకీ వచ్చింది. 1733లో బ్రిటిష్ వాళ్ళు విదేశీ మొలాసిస్ మీద పన్ను వేశారు, 1764లో ఆ చట్టాన్ని సవరించి గట్టిగా వసూలు చెయ్యబోయారు. వలసల్లో రాజుకున్న కోపానికి టీ కంటే ముందు ఇదీ ఒక కారణం.

ఇంకో సంగతి మన సాఫ్ట్‌వేర్ వాళ్ళు తప్పక తెలుసుకోవాలి. 1919 జనవరి 15న బోస్టన్‌లోని నార్త్ ఎండ్‌లో 50 అడుగుల ఎత్తున్న మొలాసిస్ ట్యాంకు పగిలిపోయింది. సుమారు 23 లక్షల గ్యాలన్ల పాకం వీధుల్లోకి అలలా వచ్చి పడింది. 21 మంది చనిపోయారు, 150 మంది దాకా గాయపడ్డారు. (ఆ పాకం బీన్స్ కోసం కాదు, పారిశ్రామిక ఆల్కహాల్ కోసం.) ట్యాంకు కట్టాక నిండా నీళ్ళు నింపి పరీక్షించాలి కదా? ఆరంటే ఆరు అంగుళాల నీళ్ళు పోసి అయిందనిపించారు. కారడం మొదలయ్యాక ఏం చేశారో తెలుసా? కారుతున్నది కనపడకుండా ట్యాంకుకి గోధుమరంగు వేశారు! 1925లో తప్పు కంపెనీదేనని తేలి నష్టపరిహారం కట్టారు. రిలీజ్ ముందు రోజు "ఆ వార్నింగ్స్ లాగ్‌లో కనపడకుండా చేసేద్దాం" అనే మేనేజర్ ఎదురైనప్పుడల్లా నాకు ఈ ట్యాంకే గుర్తొస్తుంది.

ఇప్పుడు ఈ టపా రాయడానికి అసలు కారణానికి వస్తాను.

కొన్నేళ్ళ క్రితం వేసవిలో, ఓ సరస్సు పక్క పార్కులో మా తెలుగు కుటుంబాలు ఓ పాతిక దాకా కలిశాం. నా స్నేహితుడి అమ్మగారు ఇండియా నించి వచ్చి నెలే అయింది, ఇంకా ఐదు నెలలు ఉంటారు. పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టని మనిషి. కానీ ఛాందసురాలు కాదు. గ్రిల్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని అందరితో కబుర్లు చెప్తున్నారు. ఒకాయన ఏదో బార్బెక్యూ హోటల్నించి పెద్ద ట్రే నిండా బేక్డ్ బీన్స్ తెచ్చాడు. ఆవిడ ప్లేటు పట్టుకుని వెళ్ళి అడిగారు, "ఏం బాబూ, ఇందులో ఏమీ లేవు కదా?" అని. "ఏమీ లేవండీ, ఉత్త బీన్సే కదండీ" అన్నాడు, గరిటెడు వేస్తూ.

ఆవిడకి నచ్చింది. "అచ్చం మా తియ్యగుమ్మడికాయ పులుసులా ఉందర్రా, బెల్లం వేశారు కదూ" అంటూ ఎలా చెయ్యాలో కనుక్కోమని కోడలికి చెప్పి, మళ్ళీ ఇంకాస్త వేయించుకున్నారు. రెండోసారి సగం తిన్నాక ఎనిమిదేళ్ళ మనవడు ప్లేట్లోకి తొంగిచూసి, "నాన్నమ్మా, అది బేకన్. పిగ్" అన్నాడు. వాడికి అందులో తప్పేమీ కనపడలేదు, ఉన్నది చెప్పాడంతే.

ఆవిడ ఏమీ అనలేదు. ప్లేటు బల్ల మీద పెట్టి, నెమ్మదిగా లేచి పార్కు కుళాయి దగ్గరికి వెళ్ళి చాలాసేపు నోరు పుక్కిలించుకున్నారు. తిరిగొచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నారు. కొడుకు "తెలియక తింటే దోషం లేదమ్మా" అంటే తలూపారు. మర్నాడు ఉపవాసం ఉన్నారట, అది వాళ్ళ పద్ధతి, బానే ఉంది. నన్ను కలిచివేసింది ఆ తర్వాత సంగతి. మిగిలిన ఐదు నెలల్లో ఆవిడ బయట ఎవరింట్లోనూ ముద్ద ముట్టలేదు. నయాగరాకి తీసుకెళ్తే కూడా డబ్బాలో పెరుగన్నం. మా ఇంటికి వచ్చినప్పుడు మా ఆవిడ కాఫీ ఇస్తే, "పాలేనా అమ్మా?" అని అడిగి, అడిగినందుకు ఆవిడే నొచ్చుకున్నారు. కొడుకు ఇంకోసారి రమ్మంటే, మోకాళ్ళ నొప్పులు, అంత దూరం కూర్చోలేను అన్నారట.

ఇక ఆ ట్రే తెచ్చినాయన అన్నది: "ఏమైందిప్పుడు? ప్రాణం పోలేదు కదా! బీన్స్‌లో పంది ఉంటుందని నాకు మాత్రం ఏం తెలుసు?"

తెలియకపోతే తెలియదని చెప్పాలి, మాష్టారూ. "ఏమో అండీ, కనుక్కుంటాను" అనడానికి ఎంతసేపు పడుతుంది? ఇక్కడ పాపమా పుణ్యమా అన్నది నా చర్చ కాదు. నేను మాంసం తింటాను, ఇష్టంగా తింటాను. ఆవిడ అడిగింది ఉప్పు సరిపోయిందా అని కాదు. చదవలేని భాషలో, తెలియని తిండి ముందు నిలబడి మనల్ని నమ్మి అడిగారు. ఆ దేశంలో ఆవిడకి ఉన్న లేబుల్ మనమే.

పైగా ఇక్కడి బేక్డ్ బీన్స్‌లో మాంసం లేకపోతేనే వింత. పాత రోజుల్నించీ పంది కొవ్వే దీనికి ప్రాణం. మా ఊళ్ళో ప్రతి సూపర్ మార్కెట్లోనూ కనపడే బుషెస్ వాళ్ళ 'ఒరిజినల్' డబ్బాలో బేకన్ ఉంటుంది, శాకాహారం కావాలంటే 'వెజిటేరియన్' అని రాసిన డబ్బా వేరే తీసుకోవాలి. ఇంగ్లండ్‌లో రొట్టె మీద వేసుకు తినే హైన్జ్ బీన్స్ మాత్రం పూర్తి శాకాహారం. లండన్‌లో రెండేళ్ళు ఆన్‌సైట్ చేసి అమెరికా వచ్చిన కుర్రాళ్ళు సరిగ్గా ఇక్కడే బోల్తా పడతారు. బీన్స్ ఒక్కటేనా? వూస్టర్‌షైర్ సాస్‌లో ఆంకవీ చేపలు ఉంటాయి. ఆ సాస్ వేసిన బార్బెక్యూ సాసులు కొన్నిట్లో కూడా అంతే. మెక్సికన్ హోటళ్ళలో మెత్తగా మెదిపిన బీన్స్ చాలాచోట్ల పందికొవ్వులో చేస్తారు. పిల్లల మార్ష్‌మాలో, జెల్-ఓ అంతా జెలటిన్. వీటిల్లో దేనికీ మాంసం ముక్క కనపడదు, చూసి పోల్చుకోవడం కుదరదు.

అయితే ఇక్కడే నాకు ఇంకో స్నేహితుడి సంగతి చెప్పాలని ఉంది, ఎందుకంటే కథ ఇక్కడితో ఆపితే మీరు నన్ను శాకాహార సంఘం ప్రచారకుణ్ణి అనుకుంటారు. ఇతనిది గుంటూరు జిల్లాలో ఓ పల్లె. ఇంట్లో పశుమాంసం తినే కుటుంబం, చిన్నప్పటి పండగంటే అదే. బెంగుళూరులో మొదటి ఉద్యోగంలో డబ్బాలో కోడికూర తెచ్చుకుంటేనే, అదే, కోడికూర, "వాసన వస్తోంది, ఆ చివర కూర్చుని తినండి" అన్నారట టీంలో. అప్పట్నించి తన ఇంటి తిండి పేరు బయట ఎత్తడం మానేశాడు. ఎవరైనా అడిగితే "నాన్‌వెజ్ అండీ" అని ఊరుకునేవాడు. అమెరికా వచ్చాక, మా ఆఫీసు కుకౌట్‌కి ఒక జులైలో తనే బీన్స్ చేసి తెచ్చాడు, గొడ్డు మాంసం ఖీమాతో, ఘాటుగా. గిన్నె ముందు ఓ అట్టముక్క నిలబెట్టి దాని మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాలు: బీఫ్ బీన్స్, వెరీ స్పైసీ. దాన్ని ఓసారి ఎడంగా, ఓసారి కుడిగా సర్దుకుంటూ అరగంట అక్కడే నిలబడ్డాడు. గిన్నె ఖాళీ అయింది.

ఆ అట్టముక్క ఆ పెద్దావిడకి ఎంత అవసరమో వీడికీ అంతే అవసరం. మనవాళ్ళు మాంసాన్ని పేరుతో పిలవడానికి సిగ్గుపడతారు. "ఏమీ లేవు కదా?" "ఉన్నాయండీ." ఏం ఉన్నాయి? పందా, గొడ్డా, మేకా, కోడా? నోట్లో మాట నోట్లోనే. ఒకడు తినేది దాచుకోవాల్సిన పరిస్థితి ఉన్నచోట ఇంకొకరు అడిగి తెలుసుకునే అవకాశం కూడా ఉండదు. అందుకే నా కుకౌట్‌లో రూలు ఒకటే: ఎవరేం తెచ్చినా పర్లేదు, గిన్నె ముందు చీటీ ఉండాలి, చీటీ మీద జంతువు పేరు ఉండాలి. 'నాన్‌వెజ్' అని రాస్తే ఒప్పుకోను. అది తిండి పేరు కాదు, తప్పించుకునే మాట.

సరే, ఇక వంట. నేను చేసేది బోస్టన్ వాళ్ళ పద్ధతి అస్థిపంజరం, దాని మీద మన మాంసం. పందీ గొడ్డూ కాకుండా మేక మాంసం, పొగబెట్టిన టర్కీ కాళ్ళు వాడతాను. మా టీంలో హైదరాబాద్ పాతబస్తీ అబ్బాయి ఉన్నాడు కాబట్టి మేక హలాల్ కొట్లో తెస్తాను. టర్కీ మాత్రం సూపర్ మార్కెట్‌ది, అందుకని అతనికి వేసే కుండలో టర్కీ పడదు. ఇది కూడా చీటీ మీద రాస్తాను.

రెండు పౌండ్ల గింజలు తీసుకోండి. ఉడికాక సుమారు 12 కప్పులవుతాయి, మాంసంతో కలిపి పాతిక మందికి పక్క వంటకంగా సరిపోతుంది. శుక్రవారం రాత్రి నాలుగైదు లీటర్ల నీళ్ళలో మూడు చెంచాల ఉప్పు వేసి నానబెట్టండి. ఉప్పు వేస్తే గింజ గట్టిపడుతుందని అంటారు, నమ్మకండి. పైగా ఉప్పునీళ్ళలో నానితే పొట్టు మెత్తబడుతుంది, ఉడికేటప్పుడు చిట్లదు. పొద్దున్నే ఆ నీళ్ళు పారబొయ్యండి. కడుపుబ్బరం చేసే చక్కెరలు కొన్ని ఆ నీళ్ళతో పోతాయి. సోమవారం ఆఫీసులో మీటింగులు ఉన్నవాళ్ళు ఈ మెట్టు దాటెయ్యకండి :)

కొత్త నీళ్ళు పోసి, పది నిమిషాలు బాగా తెర్లనిచ్చి, తర్వాత సన్నసెగ మీద ఓ గంట. మీ ఊరి నీళ్ళు ఉప్పనైతే చిటికెడు తినేసోడా. ఉడికిందో లేదో చూడ్డానికి ఇక్కడి పాతకాలం ఆడవాళ్ళ పరీక్ష ఒకటుంది: చెంచాలో నాలుగు గింజలు తీసుకుని ఊదాలి. పొట్టు చిట్లి ముడుచుకుంటే అయినట్టు. థర్మామీటరూ యాప్ ఏవీ అక్కర్లేదు. ప్రెషర్ కుక్కరే కావాలంటే రెండు విజిల్స్, మూడోది వస్తే చట్నీ చేసుకోండి.

ఇప్పుడు గింజల్ని రెండు వాటాలు చెయ్యండి. మూడో వంతు శాకాహారం కుండలోకి, ముందే. అందులోకి వేరే గరిటె, చివరిదాకా వేరే గరిటెే. మాంసం కుండలోంచి ముక్కలు ఏరేసి "ఇది వెజ్" అనే పద్ధతి మన దగ్గర చెల్లదు.

మాంసం కుండకి: ఒకటిన్నర పౌండ్ల మేక భుజం మాంసం, ఎముకతో. కొట్టువాడు అలవాటుగా చిన్న చిన్న కూర ముక్కలు కొట్టేస్తాడు, పెద్దవి కావాలని ముందే చెప్పండి. అడుగు మందంగా ఉన్న ఇనప కుండలో నూనె వేసి ముక్కల్ని తొందరపడకుండా అన్ని వైపులా ఎర్రగా వేయించి తీసెయ్యండి. అదే కుండలో మూడు పెద్ద ఉల్లిపాయలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, అడుగున అంటుకున్నదంతా ఉల్లిపాయ నీటితో గోకెయ్యండి, రుచంతా అక్కడే ఉంది. ఆవపిండి ఒక పెద్ద చెంచా, మిరియాలు, ఎండుమిరప కారం మీ ధైర్యాన్ని బట్టి. ముప్పావు కప్పు కెచప్, మూడో వంతు కప్పు మొలాసిస్, నిమ్మకాయంత నల్లబెల్లం. బ్లాక్‌స్ట్రాప్ అని రాసున్న మొలాసిస్ ఒక్కటే పోస్తే చేదెక్కుతుంది, మామూలుది చూసి తెచ్చుకోండి. బెల్లం ఎక్కడివాళ్ళు రాసినా ఉండదు, నా సొంతం. అది వేస్తే తీపి కాస్త గుండ్రంగా వస్తుంది. వూస్టర్‌షైర్ రెండు చెంచాలు, ఈ కుండలో మాత్రమే. మేక ముక్కలు, పొగబెట్టిన టర్కీ కాళ్ళు రెండు, గింజలు, గింజలు ములిగేదాకా వేడినీళ్ళు. ఉప్పు ఇప్పుడే వెయ్యకండి, టర్కీలోనే దండిగా ఉంటుంది.

మూత పెట్టి 300 డిగ్రీల ఫారన్‌హీట్ ఓవెన్లో నాలుగు గంటలు. మధ్యలో రెండుసార్లు చూసి, ఆరిపోతుంటే మరిగే నీళ్ళు కొంచెం. మూడో గంటకి మేక ఎముక నించి వదులుతుంది, పులుసు చిక్కబడి గరిటెకి పట్టుకుంటుంది. ఎముకల్లోంచి, కండల్లోంచి దిగిన జిగురే అది. టర్కీ కాళ్ళు బయటికి తీసి మాంసం చీల్చి వెయ్యండి. ఆ కాళ్ళలో పుల్లల్లాంటి గట్టి నరాలు ఉంటాయి, ఒక్కటి కూడా వదలకుండా ఏరండి, పిల్లల గొంతులో గుచ్చుకుంటాయి. చివరి ముప్పావుగంట మూత తీసెయ్యండి, పైన నల్లటి పొర కడుతుంది. దాని కోసం మా ఇంట్లో తగువులవుతాయి. దించే ముందు రెండు చెంచాల సైడర్ వెనిగర్, అప్పుడు ఉప్పు చూసుకోవడం.

శాకాహారం కుండకీ ఇదే వరస. మాంసం, వూస్టర్‌షైర్ బదులు కాస్త ఎక్కువ నూనె, పొగ వాసనకి స్మోక్డ్ పాప్రికా, ఇంగువ, ఉప్పదనం కోసం చెంచాడు సోయా సాస్. రెండున్నర గంటలు చాలు. ఇది కంటితుడుపు కుండ అనుకోకండి. పోయిన ఏడాది ఇదే ముందు ఖాళీ అయింది, అదీ మాంసం తినేవాళ్ళ చేతుల్లో.

ఒక హెచ్చరిక. చాలామంది వారంలో రోజు పొద్దున క్రాక్‌పాట్‌లో అన్నీ పడేసి ఆఫీసుకి వెళ్ళిపోతారు. నేవీ బీన్స్ బదులు ఎర్ర రాజ్మా వాడుతుంటే అలా పచ్చివి పడెయ్యకండి. పచ్చి రాజ్మాలో విషపదార్థం ఉంటుంది, నాలుగైదు గింజలు చాలు వాంతులు పట్టుకోడానికి. గట్టిగా మరిగితేనే అది పోతుంది. క్రాక్‌పాట్ సన్నసెగ చాలకపోవచ్చు. నానబెట్టి, నీళ్ళు మార్చి, పొయ్యి మీద అరగంట తెర్లించాకే అందులో వెయ్యండి. డబ్బా రాజ్మాతో ఈ గొడవ లేదు, అది ముందే ఉడికింది. అలాగే పార్కులో ఎండ మండిపోతున్నప్పుడు, 90 డిగ్రీలు దాటితే, మాంసం గిన్నెని గంటకి మించి బయట ఉంచొద్దు. మామూలు రోజుల్లో రెండు గంటలు. కుండని తువ్వాళ్ళలో చుట్టి కూలర్ డబ్బాలో పెడితే, ఐసు లేకుండా అన్నమాట, మూడు నాలుగు గంటలు పొగలు కక్కుతూనే ఉంటుంది. ఇనప కుండకి ఆ గుణం ఉంది.

మిగిలితే, మిగలదు గానీ, మిగిలితే ఆదివారం పొద్దున ఇంకా బావుంటుంది. ఇక్కడివాళ్ళు చల్లటి బీన్స్ రొట్టె ముక్కల మధ్య పెట్టుకుని తింటారు. మేం చపాతీలోకి, పక్కన పచ్చి ఉల్లిపాయ, నిమ్మచెక్క పెట్టుకుంటాం. మా వాడు దోశె మీద పూసి, పైన చీజ్ తురుముతాడు. నేను చూడనట్టు తల తిప్పుకుని, వాడు స్నానానికి వెళ్ళాక ఒకటి వేసుకుంటాను.